‘పుల్’ అని ఎవరితో చెప్పాలి? ఒంటరి సాధనకి క్లే మెషీన్ ఎంచుకోవడం

(హ్యూస్టన్‌కి గంటన్నర దూరంలో, ఒక మిత్రుడి పొలంలో, శనివారం పొద్దున తెలుగు మిత్రుల ముందు మాట్లాడినది. రికార్డింగు విని రాసిన పాఠం. మధ్యలో వచ్చిన ప్రశ్నలు కొన్ని అలాగే ఉంచాం.)

కుర్చీలు కొంచెం ఇటు నీడలోకి జరుపుకోండి. ఇంకో అరగంటలో ఎండ అటు తిరుగుతుంది. అన్నయ్యా, ఆ కూలర్ పక్కకి లాగితే మీకు చోటొస్తుంది. ఇడ్లీలు ఇంకా ఉన్నాయట, మొహమాటపడకండి.

పోయిన నెల ఇక్కడే కలిసినప్పుడు నలుగురైదుగురు నన్ను ఒకటే అడిగారు. ‘మాకు తోడు ఎవరూ దొరకడం లేదు, ఒక్కళ్లమే వచ్చి ప్రాక్టీస్ చేసుకోవాలి, ఏ మెషీన్ కొనమంటావు?’ అని. అంటే క్లేలు, గాల్లోకి ఎగరేసి తుపాకితో కొట్టే బిళ్లలు, విసిరే మెషీన్. ఫోన్లో రెండు ముక్కల్లో చెబుదామనుకున్నాను. అవలేదు. ఎందుకంటే అందరూ అడిగేది మెషీన్ ఎంత దూరం విసురుతుంది, ఎన్ని క్లేలు పడతాయి, ఎంత రేటు అని. ఒక్కడే ఉన్నప్పుడు ఆ మూడూ తర్వాతి సంగతులు. అసలు ప్రశ్న ఏమిటంటే, బటన్ ఎవరు నొక్కుతారు? నొక్కిన చెయ్యి తుపాకి మీదకి ఎప్పుడొస్తుంది? ఇవాళ నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

దానికంటే ముందు ఇంకో మాట. ఇక్కడ హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ముగ్గురున్నారని నాకు తెలుసు. అమెరికా ఫెడరల్ చట్టంలో అలాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి పట్టుకోవడమే మామూలుగా నేరం. కొనడం సంగతి కాదు, దగ్గర ఉంచుకోవడం సంగతే చెప్తున్నా. కొన్ని మినహాయింపులున్నాయి. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు చేతిలో ఉండటం వాటిలో ఒకటి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకి ఆ బాధ లేదు. ‘స్నేహితుడి తుపాకే కదా, ఒక్కసారి పేల్చి ఇచ్చేస్తా’ అనుకుని ముట్టుకోకండి. గ్రీన్‌కార్డు క్యూలో పదేళ్లు నిలబడి, ఒక ఆదివారం సరదాకి దాన్ని పోగొట్టుకోవద్దు. నేను లాయర్ని కాదు. మీ లాయర్ని అడిగి, ఆయన సరేనన్నాకే రండి. ఈలోపు ఇడ్లీలకి ఏ వీసా అయినా పర్లేదు. (నవ్వులు)

సరే. ఇదిగో, ఈ క్లే ఒకటి చేతులు మారనివ్వండి. మెల్లగా. ప్రమిదని బోర్లిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది కదూ? అడ్డంగా 108 మిల్లీమీటర్లు, బరువు 100 గ్రాముల లోపు. అంతర్జాతీయ పోటీల్లో వాడేది 110 మిల్లీమీటర్లు, 105 గ్రాములు. కొంచెం గట్టిది కూడా, ఎందుకంటే అక్కడ మెషీన్లు ఇంకా బలంగా విసురుతాయి. పేరుకి క్లే గానీ ఇందులో మట్టి లేదు. సున్నపురాయి పొడి, దాన్ని పట్టి ఉంచే కీలు లాంటి పిచ్. బొగ్గు తారు నుంచి తీసిన పిచ్ వాడిన రకాలు పందులకి విషం. పక్క రాంచ్‌లో పందులుంటే ముక్కలు ఏరకుండా ఇంటికి పోవద్దు. అంచు కింద గాడి చూశారా? మెషీన్ ఆర్మ్, అంటే క్లేని విసిరే చెయ్యి, దాని మీద ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. క్లే దాని వెంబడి దొర్లుకుంటూ బయటికి పోతుంది, అందుకే బొంగరంలా తిరుగుతుంది. ఆ తిరుగుడే దాన్ని గాలిలో నిలబెట్టేది. రబ్బరు అరిగిపోతే క్లే తడబడుతూ పోతుంది, లేదా ఆర్మ్ మీదే పగులుతుంది. సెకండ్‌హ్యాండ్ మెషీన్ చూడటానికి వెళ్తే పెయింటు ఎంత బాగుందో తర్వాత చూడండి. ముందు వేలితో ఆ రబ్బరు తడిమి చూడండి.

వీటిని ఎండలో కారు డిక్కీలో వదలొద్దు. టెక్సాస్ ఆగస్టులో పిచ్ మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి, వంకర తిరుగుతాయి. మెషీన్ పైన పేర్చిన దొంతరలోంచి రెండు కలిసి జారాయంటే సగం సార్లు కారణం అదే. మనం మెషీన్‌ని తిట్టుకుంటాం.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. పందొమ్మిదో శతాబ్దంలో బతికున్న పావురాల్ని పెట్టెల్లోంచి వదిలి కొట్టేవాళ్లు. ఆ పెట్టె పేరే ట్రాప్. దాని తాడు పట్టుకుని ఒక మనిషి నిలబడేవాడు. షూటర్ ‘పుల్’ అంటే తాడు లాగేవాడు. ఇవాళ మనం మైక్రోఫోన్‌తో మాట్లాడుతూ కూడా ‘పుల్’ అనే అంటున్నాం. పావురాల తర్వాత గాజు బంతులొచ్చాయి. ఆడమ్ బొగార్డస్ అనే పేరుమోసిన షూటర్ 1877లో గాజు బంతులు ఎగరేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత 1880లో సిన్సినాటీకి చెందిన జార్జ్ లిగోవ్‌స్కీ కాల్చిన మట్టితో బిళ్లలు చేశాడు. ఈ ‘క్లే’ అన్న పేరు అక్కణ్ణించే. పిల్లలు నీళ్ల మీద ఆల్చిప్పలు విసిరి గెంతులు వేయిస్తుంటే చూసి అతనికి ఈ ఆలోచన వచ్చిందని ఒక కథ చెప్తారు. నిజమో కాదో గానీ, చెరువు గట్టు మీద చిల్లపెంకులు విసిరిన మనకి ఆ కథ నమ్మబుద్ధేస్తుంది.

ఈ పురాణం ఎందుకు విప్పానంటే, ఆట పుట్టిన రోజు నుంచీ ఇందులో ఇద్దరున్నారు. కొట్టేవాడొకడు, వదిలేవాడొకడు. ట్రాప్ హౌస్‌లో, అంటే ఆ గోతిలో కూర్చుని మెషీన్‌కి చేత్తో క్లేలు పెట్టే కుర్రాళ్లు ఇక్కడి క్లబ్బుల్లో ఎన్నో ఏళ్లు ఉన్నారు. ట్రాప్ బాయ్ అనేవాళ్లు. మీరు ఒంటరిగా సాధన చెయ్యడానికి మెషీన్ కొంటున్నారంటే ఆ కుర్రాణ్ణి కొంటున్నట్టు. వాడు చేసే పనులు ఏ మెషీన్ ఎంతవరకు చేస్తుందో చూసుకోవాలి.

మనవాళ్లకి ఇంకో పోలిక చెప్తాను. బిళ్లంగోడులో... తెలంగాణ వాళ్లు చిర్రగోనె అంటారు కదా బావగారూ? ఆ, అదే. దాంట్లో బిళ్లని లేపేదీ మనమే, లేచాక కొట్టేదీ మనమే. ఎప్పుడు లేస్తుందో, ఎంత లేస్తుందో చేతికి ముందే తెలుసు. అందుకే కొట్టగలం. క్లే ఆటలో మాత్రం ఆ ‘ముందే తెలియడం’ మనకి శత్రువు. ట్రాప్ అనే పోటీలో ఏ కోణంలో వస్తుందో తెలియదు. మనమే బటన్ నొక్కి, అదే దారిలో వచ్చేదాన్ని వంద కొడితే, వచ్చింది బిళ్లంగోడు. షూటింగ్ రాలేదు.

ఇక రకాలు. చేత్తో విసిరేది ఒకటుంది. ప్లాస్టిక్ కర్ర, చివర క్లే బిగించే కొక్కెం. పది పదిహేను డాలర్లు. జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల తిప్పినవాళ్లు ఎవరైనా ఉంటే ఐదు నిమిషాల్లో పట్టుకుంటారు, మణికట్టు విసురు అదే. ఇద్దరుంటే బంగారం లాంటి వస్తువు. ఒక్కడికి పనికిరాదు. కుడిచేత్తో విసిరి, ఎడమచేతిలో తుపాకి పట్టుకుని, వెంటనే భుజానికెత్తి కొట్టే వీడియోలు మీరూ చూసుంటారు. అది సర్కస్. నిండిన తుపాకిని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఒళ్లంతా విసరడం అంటే గొట్టం ఎటు చూస్తోందో ఎవరికీ తెలియని క్షణం ఒకటి ఉంటుంది. నేను చెయ్యను, మీరూ చెయ్యొద్దు.

తర్వాతది స్ప్రింగు మెషీన్. నేలలో దిగేసేది, లేకపోతే పాత టైరుకో పలకకో బిగించేది. చేత్తో స్ప్రింగు బిగించి, క్లే పెట్టి, తాడు లాగాలి. వంద రెండొందల డాలర్లలో మంచిదే వస్తుంది. దీనికి తాడు లాగే రెండో మనిషి కావాలి కదా అంటారు. కొందరు తాడుని బూటుకి కట్టుకుని లాగుతారు. నేనూ ఒక వేసవి అలాగే చేశాను. పని చేస్తుంది గానీ, ఒక్కో క్లేకి తుపాకి విప్పి, అంటే గొట్టం మడిచి తెరిచి, స్టాండులో పెట్టి, మెషీన్ దగ్గరికి నడిచి, బిగించి, పెట్టి, వెనక్కొచ్చి, తుపాకి నింపి... గంటకి పాతిక దాటవు. అందులో బిగించే ప్రతిసారీ చెయ్యి ఆర్మ్ దారిలోకి పోతుంది.

ఈ కుటుంబంలోనే ఒంటరివాడికని చేసినట్టుండేది ఒకటుంది. ట్రయస్ వాళ్ల వన్-స్టెప్. క్లే పెట్టేటప్పుడు స్ప్రింగులో బిగువు ఉండదు. నిలబడి పెడల్ తొక్కితే ఒకే తొక్కుడులో బిగిసి, వదిలేస్తుంది. ఆ ఆలోచనకి నేను దణ్ణం పెడతాను. బ్యాటరీ లేదు, మోటారు లేదు, మీ చెయ్యి దగ్గరున్నప్పుడు అందులో శక్తే లేదు. కాకపోతే మీరు మెషీన్ పక్కనే నిలబడాలి. వచ్చేవన్నీ మీ కాళ్ల దగ్గర్నించి దూరంగా పోయేవే. పక్కనుంచి అడ్డంగా పోయేది, ఎదురొచ్చేది దానితో దొరకవు. అయినా కొత్తవాళ్లకి మొదటి ఆర్నెల్లకి నేను చెప్పేది అదే.

ఇక అందరి కళ్లూ ఉన్నది ఆటోమేటిక్ మీద. 12 వోల్టుల బ్యాటరీ, మోటారు, పైన యాభై క్లేలో ఇంకా ఎక్కువో పట్టే దొంతర. నాలుగైదొందల డాలర్ల నుంచి మొదలై వేలల్లోకి పోతుంది. మోటారు స్ప్రింగుని బిగించి ఆర్మ్‌ని అంచున నిలబెడుతుంది. బటన్ నొక్కగానే ఛట్‌మని కొడుతుంది, మళ్లీ గుర్రుమంటూ బిగించుకుంటుంది, పై నుంచి ఇంకో క్లే జారుతుంది. బిగింపుకి రెండు సెకన్లు అటూ ఇటూ. బ్యాటరీ నీరసపడితే విసురు తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. విసురు స్ప్రింగుది. బ్యాటరీ తగ్గితే బిగింపు నెమ్మదిస్తుంది, ఆఖరికి బిగువు ఎక్కువయ్యే చోట మోటారు ఆగి మూలుగుతుంది. కారు బ్యాటరీ తగిలించొద్దు, డీప్-సైకిల్ రకం కొనండి. కారుది ఒక్కసారి దమ్ము చూపించడానికి పుట్టింది, ఇక్కడ కావాల్సింది రోజంతా కొంచెం కొంచెంగా ఇచ్చేది.

బరువు కూడా చూసుకోండి. షోరూములో ఇద్దరు సాయం పట్టి డిక్కీలో పెడతారు. ఇక్కడ దించేటప్పుడు మీరొక్కరే. పెద్ద డీప్-సైకిల్ బ్యాటరీయే ఇరవై కిలోల పైన. చక్రాలున్నది కొనండి. నా నడుం సాక్షి.

ఇప్పుడు అసలు సంగతి, బటన్. అమెరికన్ ట్రాప్‌లో క్లే వదిలినప్పుడు వేగం గంటకి దాదాపు 42 మైళ్లు. అంటే సెకనుకి ఇరవై గజాలు. షూటర్ మెషీన్‌కి 16 గజాలు వెనక నిలబడతాడు. చెయ్యి తిరిగినవాడు సెకను లోపలే కొట్టేస్తాడు. ఆ ఒక్క సెకనులో మీరు రిమోట్ నొక్కి, దాన్ని వదిలి, తుపాకి ముందు చెక్కని, అంటే గొట్టం కింద ఎడమచెయ్యి పట్టే చోటుని, పట్టుకోవాలంటే అరసెకను అక్కడే పోయింది. మిగిలిన అరసెకనులో తరిమి తరిమి కొడతారు. కొడతారు కూడా, కొన్ని. కానీ తరిమే అలవాటు ఒకటి చేతికి పడుతుంది, అది పోవడానికి మళ్లీ ఏడాది.

చాలా మెషీన్లతో వైరున్న పెడల్ వస్తుంది, పాతికడుగుల వైరు. చేతులు ఖాళీ. బాగుంది. కుడిచేతి వాటం వాళ్లకి బరువు ఎడమకాలి మీద ఉండాలి కాబట్టి పెడల్‌ని కుడిమడమ కింద పెట్టుకోండి. అయినా తొక్కే ముందు మనిషి ఒక్కసారి కిందకి చూస్తాడు. నన్ను మా అబ్బాయి వీడియో తీసి చూపించేదాకా నేను చూడటం లేదనే వాదించాను. పైగా పాతికడుగులంటే ఎనిమిది గజాలు. పదహారు గజాల్లో నిలబడాలన్న మాట అక్కడే పోయింది. వైరు పొడిగించుకోవచ్చు, గడ్డిలో కనపడదు, కాలికి తగులుకుంటుంది.

వైర్‌లెస్ రిమోట్‌లలో కొన్నిటికి ఆలస్యం పెట్టుకునే వీలుంది. నొక్కిన కొన్ని సెకన్ల తర్వాత వదులుతుంది. రిమోట్ జేబులో వేసుకుని తుపాకి ఎత్తి ఎదురుచూస్తాం. ఇది ఉన్నంతలో మేలు. ఎప్పుడూ అదే లెక్క అయితే మనసులో ‘ఒకటి, రెండు, మూడు’ మొదలవుతుంది. మళ్లీ బిళ్లంగోడే. ఆలస్యం ఒక్కోసారి ఒక్కోలా మారే రకం దొరికితే కొంచెం ఎక్కువైనా పెట్టండి. క్లబ్బుల్లో ఉండే మాట-వింటే-వదిలే మైకులు ఇంటి మెషీన్లకీ దొరుకుతున్నాయి. ‘పుల్’ అనడానికీ గాలి హోరుకీ తేడా తెలిసేది కావాలి. చవక రకాలు ఈ టెక్సాస్ గాలికి వాటంతటవే క్లేలు వదులుకుంటాయి.

నేను చేసేది చెప్తాను. ఇదిగో చూడండి, ఖాళీ తుపాకి, విప్పే ఉంది. ముందు చెక్కకి ఎడమ బొటనవేలు ఆనే చోట చిన్న వెల్క్రో పట్టీ. దాని మీద రిమోట్. తుపాకి భుజాన పెట్టి, చెంప ఆనించి, కళ్లు అటు పెట్టి, ఎడమ బొటనవేలితో నొక్కుతాను. చెయ్యి ఎక్కడికీ పోదు. పది డాలర్ల రిమోట్, రెండు డాలర్ల వెల్క్రో. దీని వల్ల ఇంకో లాభం ఉంది, అది నాకు దెబ్బ తిన్నంత పనయ్యాక తెలిసింది.

నాలుగేళ్ల కిందట. బుధవారం సాయంత్రం, ఒక్కణ్ణే. రిమోట్ అప్పట్లో జీన్స్ ముందు జేబులో ఉండేది. దొంతర ఖాళీ అయింది. స్విచ్ మెషీన్‌కి అవతలి వైపు కింద ఉంటుంది, వంగడానికి బద్ధకం. ఆన్‌లోనే ఉంచి గొంతుకూర్చుని కొత్త క్లేలు పేరుస్తున్నాను. గొంతుకూర్చుంటే జేబు బిగుస్తుంది కదా, తొడ రిమోట్‌ని నొక్కింది. ముందు గుర్రుమనే చప్పుడు కూడా ఉండదు, ఎందుకంటే అది అప్పటికే బిగిసి ఉంది. ఛట్. అంతే. నా ఎడమచెయ్యి దొంతర మొదట్లో పట్టుకుని ఉంది, ఆర్మ్ దాని కింద నాలుగు వేళ్ల మందంలో పోయింది. గాలి తగిలింది చేతికి. ఆ క్లే వెళ్లి యాభై గజాల అవతల గడ్డిలో పగలకుండా పడింది. చాలాసేపు కూర్చునే ఉన్నాను. ఫోను ట్రక్కులో ఉంది. మా ఇంట్లో నేను ఆఫీసులో ఉన్నాననుకుంటున్నారు. ఆ ఆర్మ్ మణికట్టు మీద పడి ఉంటే, ట్రక్కు దాకా నడిచి, ఒంటిచేత్తో తాళం తీసి... అదీ లెక్క. ఆ క్లే ఇప్పటికీ మా గరాజ్ అరలో ఉంది. మా ఆవిడకి దాని కథ చెప్పింది మాత్రం కిందటేడాదే.

అందుకని రిమోట్ తుపాకి మీదే ఉండాలి. మెషీన్ దగ్గరికి పోవాలంటే తుపాకి విప్పి, ఖాళీ చేసి, స్టాండులో పెట్టాలి. తుపాకి స్టాండులో ఉందంటే రిమోట్ కూడా స్టాండులోనే. నేను మర్చిపోదామన్నా మర్చిపోలేను. దానికి తోడు మెషీన్‌కి వెనక నుంచే వెళ్లాలి, ఆర్మ్ తిరిగే గుండ్రంలో చెయ్యి గానీ తల గానీ పెట్టకూడదు, స్విచ్ ఆఫ్ చెయ్యాలి. ఇంకో సంగతి, స్విచ్ ఆపినా, బ్యాటరీ వైరు పీకినా, బిగిసిన స్ప్రింగు బిగిసే ఉంటుంది. రేపు పొద్దున గరాజ్‌లో పిల్లవాడు ముట్టుకున్నా కొడుతుంది. స్ప్రింగు వదులు చేసే పద్ధతి ఒక్కో మెషీన్‌కి ఒక్కోలా ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌ది కొంటే అమ్మేవాణ్ణి మీ కళ్లముందు చేసి చూపించమనండి. ‘ఏముంది, వైరు పీకెయ్యడమే’ అన్నాడంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

ప్రశ్న: అన్నా, మరి ఒకే దారిలో వస్తాయన్నారు కదా. దానికేం చెయ్యాలి?

దానికి డబ్బుతో జవాబు ఒకటుంది, నడకతో జవాబు ఒకటుంది. డబ్బుతో అయితే మెషీన్ కింద అటూ ఇటూ ఊగే పీట కొనుక్కోండి. ఆర్మ్ ఏ వైపు చూస్తుండగా నొక్కామో మనకి తెలియదు, కోణం మారుతూ ఉంటుంది. ఆ ట్రాప్ బాయ్ కొంటెతనం కొంత తిరిగొస్తుంది. కొన్ని పీటలు మెషీన్‌లో సగం ధర ఉంటాయి. ఇంకో బ్యాటరీ తినేస్తాయి.

నడకతో జవాబు పాతది. 1920 ప్రాంతంలో మసాచుసెట్స్‌లోని ఆండోవర్‌లో చార్లెస్ డేవిస్ అనే ఆయన వేటకి సాధన కోసం ఒక మెషీన్‌నే పెట్టి, దాని చుట్టూ గడియారం అంకెల్లా గుండ్రంగా చోట్లు గీసుకుని, ఒక్కో అంకె మీద నిలబడి కొట్టేవాడు. మెషీన్ కదలదు, మనిషి కదులుతాడు. ఒక చోట్నించి దూరంగా పోయే క్లే, ఇంకో చోట్నించి అడ్డంగా పోతుంది, మరో చోట్నించి ఎదురొస్తుంది. తర్వాత పక్క స్థలంలో ఎవరో కోళ్లు పెట్టారు. అటు వైపు కాల్చడానికి లేకుండా పోయింది. అప్పుడు గుండ్రాన్ని సగం చేసి, అవతలి చివర రెండో మెషీన్ పెట్టారు. ఇవాళ ఒలింపిక్స్‌లో ఆడే స్కీట్ అనే పోటీ అలా పుట్టింది, ఒక కోళ్ల ఫారం పుణ్యాన. మనకి కావాల్సిన పాఠం అందులోనే ఉంది. వైర్‌లెస్ రిమోట్ ఉంటే ఒక్క మెషీన్‌తో నాలుగైదు చోట్ల నుంచి సాధన చెయ్యొచ్చు. వైరు పెడల్‌తో కుదరదు. కాకపోతే ఏ చోట్నించి కొట్టినా తూటాలోంచి చెదిరే చిన్న పూసలు పోయే వైపు ఖాళీగా ఉండాలి. మెషీన్ ముందు గడ్డిమోపులు రెండు పేర్చండి, తొందరలో కిందకి పేల్చినా మెషీన్‌కి తగలదు.

ప్రశ్న: ఖాళీ అంటే ఎంత ఉండాలి? మాది పదెకరాలు.

మంచి ప్రశ్న. క్లేలకి వాడే ఏడున్నర నంబరు పూస అడ్డంగా 0.095 అంగుళాలు. జర్నే అనే ఫ్రెంచి అధికారి పేరు మీద ఒక పాత సూత్రం ఉంది. పూస అంగుళాల్ని 2200తో గుణిస్తే అది గరిష్ఠంగా ఎన్ని గజాలు పోతుందో వస్తుంది. గుణిస్తే 209. వెనకగాలి ఉంటే ఇంకొంచెం. అందుకని 300 గజాలు వదలమంటారు. ఇప్పుడు మీ పదెకరాలు చూద్దాం. చదరంగా ఉంటే ఒక్కో వైపు 220 గజాలు. మీరు ఒక కంచెకి వీపు ఆనించి నిలబడితే పూస అవతలి కంచె దగ్గర పడుతుంది. పక్కకి తిరిగి అడ్డం క్లే కొట్టారంటే పొరుగువాడి వాకిట్లో పడుతుంది. దానికి తోడు టెక్సాస్‌లో, ఊరి పరిధి దాటిన సబ్‌డివిజన్లలో 10 ఎకరాలు, అంతకంటే తక్కువ ఉన్న ప్లాట్లలో పేల్చడాన్ని కౌంటీ ఆపొచ్చు. మీ కౌంటీ ఏమందో ముందు కనుక్కోండి. నన్నడిగితే మీ పొలంలో వంకాయలు వెయ్యండి, షూటింగుకి ఇక్కడికే రండి. (నవ్వులు)

ప్రశ్న: రెండు క్లేలు ఒకేసారి? ఒక్కడికి సాధ్యమేనా?

మన షూటర్ రాజ్యవర్ధన్ రాథోడ్ 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రజతం తెచ్చింది డబుల్ ట్రాప్‌లోనే. ఒకేసారి రెండు లేస్తాయి. ఇప్పుడది ఒలింపిక్స్‌లో లేదు గానీ, సాధనకి అంత మంచి వ్యాయామం ఇంకోటి లేదు. ఒంటరిగా అయితే రెండు దారులు. ఆర్మ్ మీద రెండు క్లేలు పెట్టే స్ప్రింగు మెషీన్లున్నాయి, చవక. లేదా ఒకే రిమోట్‌తో రెండు ఆటోమేటిక్‌లు. ఒకే ఆటోమేటిక్‌తో రెండుసార్లు గబగబా నొక్కితే రెండోది బిగింపు సమయం తర్వాతే వస్తుంది. దాన్ని ‘మొదటి పేలుడుకి రెండోది’ అనుకుని సాధన చేసుకోండి, స్పోర్టింగ్ క్లేస్ అనే ఇంకో రకం పోటీలో అలాంటి జతలు వస్తూనే ఉంటాయి. ఈ సరదా మొదటి ఏడాదిలో వద్దు.

ప్రశ్న: హైదరాబాద్ వెళ్లిపోతే ఈ మెషీన్ పట్టుకెళ్లొచ్చా?

మెషీన్‌దేముంది, దాంతో ఎక్కడ కొడతారు? అక్కడ ఆయుధాల చట్టం 1959 నాటిది, లైసెన్సులు, రేంజులు అన్నీ వేరే లెక్క. ఇంటి వెనక పొలంలో పెట్టుకునే ఆట కాదది. రేంజిలో చేరడమే దారి. చేరినందుకు ఫలితం లేదా అంటే, మన హైదరాబాద్ కుర్రాడు కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్‌లో కంచు తెచ్చాడు, జట్టుతో బంగారం. ఆ ట్రాప్‌లో గోతిలో పదిహేను మెషీన్లుంటాయి. ఒక్కో చోటికి మూడు, మూడింట్లో ఏది వదులుతుందో కొట్టేవాడికి తెలియదు. చూశారా, పదిహేను మెషీన్లు పెట్టి వాళ్లు కొనుక్కున్నది కూడా ఆ తెలియనితనాన్నే.

ప్రశ్న: ఏ కంపెనీది కొనమంటావో ఒక్కమాట చెప్పెయ్యి, తమ్ముడూ.

అక్కా, కంపెనీ పేరు కంటే విడిభాగాలు చూడండి. స్ప్రింగు, రబ్బరు పట్టీ, ఆర్మ్‌ని ఆపే చిన్న స్విచ్. ఈ మూడూ విడిగా అమ్ముతున్నారా, ఎంతకి అమ్ముతున్నారు, ఫోన్ చేస్తే మనిషి పలుకుతున్నాడా? నేను మొదట కొన్న ఆటోమేటిక్‌కి రెండో ఏట ఆ చిన్న స్విచ్ పోయింది. కంపెనీ వాళ్లు ఆ మోడల్ ఆపేశామన్నారు. నాలుగు డాలర్ల ముక్క కోసం ఐదొందల డాలర్ల ఇనుము గరాజ్‌లో కూర్చుంది. ఆఖరికి ఎలక్ట్రానిక్స్ కొట్లో దొరికిన స్విచ్‌ని అతికించాను. మెకానికల్ ఇంజినీరుని కాబట్టి సరిపోయింది. మీ బడ్జెట్ మూడొందల లోపు అయితే కాలితో తొక్కేది కొనండి, మిగిలింది క్లేల మీద పెట్టండి. పెట్టెకి 90 ఉంటాయి, ఎంత తొందరగా అయిపోతాయో మీకే తెలుస్తుంది. వెయ్యి దాకా పెట్టగలిగితే చక్రాలున్న ఆటోమేటిక్, వైర్‌లెస్. ఊగే పీట రెండో ఏట. వచ్చేముందు ఇంట్లో ఎక్కడికి వెళ్తున్నారో చెప్పండి, ఫోను ఒంటి మీద ఉంచుకోండి, అవి ఉచితం.

ఇక మాటలు చాలు. కళ్లద్దాలు, చెవులకి మఫ్లు అందరికీ ఆ బల్ల మీద ఉన్నాయి, ముక్కలు వెనక్కి కూడా ఎగురుతాయి, చూసేవాళ్లు కూడా పెట్టుకోండి. నేను వెళ్లి దొంతర నింపుతాను. ఆగండి, రిమోట్ ఎవరి దగ్గరుంది? బాబూ, నీ చేతిలో అదేనా? ఆ స్టాండులో పెట్టమ్మా. పెట్టావా? సరే, ఇప్పుడు వెళ్తాను.